రూతమ్మ వీధిలో తొమ్మిదో పిల్లి

పిల్లులను చంపుతున్నది మీరే. మందు కలిపిన చేపముక్క విసిరినవాడు ఒక్కడే కాదు. పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలేసి, ‘చంపలేదు కదా’ అని చేతులు కడుక్కున్న మీరు కూడా. నెల్లూరులో మా వీధి పెద్దమనుషులు కిందటేడు ఆ ఘనకార్యమే చేశారు. మూడు నెలలు తిరక్కుండానే కొత్త పిల్లులు వచ్చి అదే చెత్తకుప్ప మీద కాపురం పెట్టాయి. తిండి ఉన్న చోటు ఖాళీగా ఉండదన్న సంగతి చదువుకున్న బుర్రలకు ఎక్కలేదు. ఉదయగిరిలో ఒకామె వేరే దారి పట్టిందని స్నేహితుడు చెబితే బయల్దేరాను. నమ్మి కాదు, నిజం చెప్పాలంటే ఆమెతో పోట్లాడదామనే.

పొద్దున ఏడింటికి నెల్లూరులో బస్సెక్కితే పదకొండు దాటాక ఉదయగిరి దుర్గం కొండ కనబడింది. స్నేహితుడు చెప్పిన ఆమె, చెక్క గరిటెలు చెక్కే మస్తానమ్మ. ఆమె ఇల్లు బస్టాండు నుంచి పది నిమిషాల నడక. ఆ వీధిలో తొమ్మిది పిల్లులున్నాయి. ఎనిమిదింటికి ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందన్న గుర్తు అది. తొమ్మిదోది చారల ఆడపిల్లి, ఎవరికీ చిక్కదు. దాని గురించే పక్కింట్లో ఎండుచేపలు అమ్మే రూతమ్మ అరుస్తోంది.

“సారు ముందరే చెప్తుండా మే. పోయిన ఈత పిల్లలు నా చేపల బుట్టలోనే పండుకున్నాయి. ఇంకో తూరి ఈనిందా, మందు పెట్టేస్తా. నీ తొమ్మిదీ పోతాయి.”

“పెట్టు మే, పెట్టు. ఆనక ఎలకలు నీ అంగడంతా కొరికితే నా కాడికి రాబాక,” అంది మస్తానమ్మ, గరిటె నున్నగా చేస్తూనే.

సాయంత్రం ఆమె ఒక కోళ్లగంప బోర్లించి, ఒక అంచు కింద తాను చెక్కిన గరిటె ఊతంగా పెట్టింది. గరిటెకు నులకతాడు, ఆ తాడు కొస ఆమె చేతిలో. ఎర రూతమ్మ అంగడిదే, తిట్టుకుంటూనే ఇచ్చింది. గంటన్నర కదలకుండా కూర్చున్నాం. పిల్లి వచ్చింది, తాడు కదిలింది, గంప పడింది. కిందికి చెక్కపలక జరిపి, పైన పాత చీర కప్పగానే లోపలి గోల ఆగిపోయింది. “చీకటైతే దానికి బయం పోతాది సార్. రేపు డాక్టరు కోసేదాకా మటుకు ఏమీ పెట్టకూడదు,” అంది. ఇన్నేళ్లుగా మూగజీవాల గురించి వేదికలెక్కి మాట్లాడిన నాకు ఈ ముక్కలు ఎవరూ నేర్పలేదు.

మర్నాడు ఏడింటి బస్సు, వింజమూరు మీదుగా డాక్టరు ఉండే ఆత్మకూరుకు రెండున్నర గంటలు, టికెట్టు పదమూడు రూపాయలు. కండక్టరు అడ్డం పడ్డాడు. “పిల్లి ఎదురొస్తేనే మా డ్రైవరు బస్సు ఆపేస్తాడు. దాన్ని లోపలికి ఎక్కిస్తావా?”

నేను మూఢనమ్మకాల మీద ఉపన్యాసానికి గొంతు సవరించుకునేలోపే మస్తానమ్మ తేల్చేసింది. “ఎదురొస్తే గదా నాయనా తప్పు, ఇది మీ వెంటే వస్తా ఉండాది.” బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా.

రిటైరైన పశువుల డాక్టరు గారు ఇంటి వెనక వరండాలోనే ఆపరేషన్లు చేస్తారు. గంప తెరిచి, పిల్లి గడ్డం కింద ఎండిన పాల చారిక చూసి ముఖం చిట్లించారు. “ఎవరమ్మా పాలు పోసింది? మత్తులో కక్కితే ఊపిరాడక చస్తుంది.”

మస్తానమ్మ తల పట్టుకుంది. “రూతమ్మే సార్! పొద్దన్నే గంప కాడ వంగి ఉన్నింది. ఊరికి పొయ్యేదాన్ని ఉత్త కడుపుతో సాగనంపగూడదని పోసుంటాది.”

మందు పెడతానన్న మనిషి పాలు పోసిందా!

ఆ పాలు అరిగేందుకు సాయంత్రం నాలుగు దాకా ఆగాం. రెండు వేళ్ల వెడల్పు కూడా లేని కోత, దానిలోంచి డాక్టరు గారు సన్నటి దారంలాంటిదొకటి పైకి తీసి ముడివేసి కత్తిరించారు. మత్తులో ఉండగానే చెవి కొస కూడా. అంతే. ఎన్నో ఈతల ఆకలి, ఎన్నో విషపు ముక్కలు ఆ కాస్త కోతతో ఆగిపోయాయి. నేను చేతులు జోడించానని తర్వాత మస్తానమ్మ చెబితేగాని నాకే తెలియలేదు.

మూడో రోజు అదే వీధిలో గంప ఎత్తాం. పిల్లి కాసేపు ఒళ్లు నాక్కుని, రూతమ్మ అంగడి అరుగు కిందికి పోయి పడుకుంది.

“పాలు పోసి చంపబోయినావు గదే!” అంది మస్తానమ్మ.

రూతమ్మ ముఖం పాలిపోయింది. “దేవుడా, నాకేం తెలుసు మే? ఆకలిగా ఉంటాదనుకుంటి.” లోపలికి పోయి మందు పొట్లం తెచ్చి మస్తానమ్మ చేతిలో పెట్టింది. “యాడన్నా లోతుగా గుంత తీసి పూడ్చు. నా కంటికి కనపడనీబాక.”

కరుణ మనుషుల్లో లేదని ఇన్నాళ్లూ వాదించాను. ఉంది, దానికి పద్ధతి తెలియదంతే. ఆ పద్ధతి చెప్పవలసిన మనం ఎక్కడున్నాం? గరిటెలు చెక్కుకునే ఆమె ఎనిమిది సార్లు ఒంటరిగా బస్సెక్కితే మనం చూస్తూ ఊరుకున్నాం. ఆమె ముందు నా కోపం చాలా చిన్నది, అయినా దాన్ని వదులుకోను. మీరూ పిల్లిని ఆపరేషన్‌కు తీసుకువెళితే ఒక్క మాట గుర్తుంచుకోండి: ముందురోజే ఎస్టీడీ బూత్ నుంచి డాక్టరుకు ఫోన్ చెయ్యండి, పిల్లికి తిండి పెట్టొద్దని ఇంట్లోవాళ్లకే కాదు, వీధంతటికీ చెప్పండి.

ఇక మనం అడగాల్సినవి:

పిల్లులకు విషం పెట్టడాన్ని పంచాయతీలు నిషేధించాలి.
వీధి చెత్త రోజూ ఎత్తాలి.
ప్రతి మండల పశువుల ఆసుపత్రిలో పిల్లులకు ఉచితంగా ఆపరేషన్ చెయ్యాలి.
పట్టిన పిల్లిని పట్టిన వీధిలోనే వదలాలి.
ఈ పని చేస్తున్నవాళ్లకు సరైన బోన్లు ఇవ్వాలి.