అడిగినా ఇవ్వకు బావా

ఆ రోజు ఆదివారం. చేపల మార్కెట్లో పని ముగించుకుని బండి పెట్టిన చోటికి నడుస్తున్నాను. గట్టిగా వంద అడుగుల దూరం కూడా ఉండదు. సగం వెళ్లేసరికి ఎడమ అరికాలు పట్టేసింది. తడిగుడ్డను పిండినట్టు ఎవరో పాదాన్ని పిండుతున్నారనిపించింది. నిలబడిపోయాను. రెండు నిమిషాలకు తగ్గింది. మళ్లీ నడిస్తే మళ్లీ పట్టింది.

నా పేరు సత్తిబాబు. వయసు ముప్పై తొమ్మిది. మాది కొల్లేటి చేపల మీద బతికిన కుటుంబం. పెళ్లయ్యాక విజయవాడ వచ్చి, మా ఆవిడ రమణ వాళ్ల అన్నయ్య ఏడుకొండలుతో కలిసి హోల్‌సేల్ చేపల వ్యాపారంలో దిగాను. ఏడుకొండలు నాకు బావ. భవానీపురంలో రెండు వీధుల తేడాతో ఉంటాం. పొద్దున్నే ఐసు నీళ్లలో నిలబడి లారీల నుంచి పెట్టెలు దింపించడం నా పని. అందుకని ఆ నొప్పిని ఐసు మీదికి నెట్టేశాను. "రోజూ ఐసులో నానేవాడికి కాళ్లు పట్టెయ్యక ఏం చేస్తాయి బావా?" అని ఏడుకొండలు కూడా అన్నాడు. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కున్నాను.

సిగరెట్టు నాకు పద్దెనిమిదో ఏట అంటుకుంది. రోజుకొక పెట్టె. ఆదివారం లెక్క లేదు. ఆదివారం రెండింటికి మార్కెట్ ఖాళీ అయ్యాక బావ వాళ్ల డాబా మీద సిట్టింగ్ ఉండేది. బావ, ఐసు ఫ్యాక్టరీ నడిపే రాంబాబు, మార్కెట్ వాళ్లు మరో ఇద్దరు, నేను. కృష్ణ మీంచి గాలి, వేడివేడిగా చేప వేపుడు, చేతిలో గ్లాసు, వేళ్ల మధ్య సిగరెట్టు. వారం మొత్తంలో ఆ మూడు గంటలే నావి అనిపించేవి.

చలికాలంలో ఒకరోజు బూట్లు విప్పి కాళ్లు కడుక్కుంటుంటే, నేల మీద పడి ఉన్న జెల్ల చేప ముల్లు ఎడమ కాలి చిటికెన వేలికి గుచ్చుకుంది. చేపల పనిలో అది రోజూ జరిగేదే. మూడు వారాలైనా పుండు మానలేదు. వేలు ముందు నీలంగా, తర్వాత నల్లగా మారింది. పడుకుంటే నొప్పి. కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే కొంచెం నయం.

మా వీధి డాక్టరు షుగరు అన్నాడు. టెస్టు చేయిస్తే షుగరు లేదు. ఎముకల డాక్టరు నడుముకి ఎమ్మారై తీయించి, డిస్కు వల్ల కావచ్చని బెల్టు రాశాడు. అలా రెండు నెలలు పోయాయి. చివరికి ఆయనే రక్తనాళాలు చూసే ఒక వాస్కులర్ సర్జన్ దగ్గరికి పంపాడు. ఆవిడ నా పాదం మీద వేళ్లు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికింది. తర్వాత, "సిగరెట్ ఎన్నాళ్ల నుంచి?" అంది. నేను కాలుస్తానని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

కాలిలో రక్తం ఎలా పారుతోందో చూడటానికి డాప్లర్ చేశారు. సీటీ యాంజియో చేశారు. డాక్టరు గారు కంప్యూటర్ తెర మావైపు తిప్పి చూపించింది. మోకాలి వరకు రక్తనాళం తెల్లటి తాడులా ఉంది. పిక్క దాటాక తెగిపోయింది. అక్కడి నుంచి సన్నటి మెలికల దారాలే.

"దీన్ని బర్గర్స్ డిసీజ్ అంటారు. పొగాకు వల్ల చిన్న నాళాలు వాచి మూసుకుపోతాయి."

"స్టెంట్ వేస్తే పోదాండీ మేడమ్?" రమణ అడిగింది.

"ఇంత సన్నటి వాటిలో వెయ్యలేమమ్మా. బైపాస్ చేద్దామన్నా కింద కలపడానికి నాళం లేదు. మందులిస్తాను, ఇంజెక్షన్లు ఇస్తాను. అవన్నీ సాయానికి. అసలు వైద్యం సిగరెట్ ఆపడం. తగ్గించడం కాదు, జీరో. రోజుకి ఒక్కటి కాల్చినా ఈ జబ్బు ఆగదు. ఖైనీ, గుట్కా, నికోటిన్ గమ్ కూడా వద్దు. పక్కవాళ్ల పొగలో కూడా కూర్చోవద్దు."

చిటికెన వేలు తీసేశారు. వేలు లేకుండా ఇంటికొచ్చిన రోజు పెట్టె, లైటరు రెండూ చెత్తలో వేశాను. మొదటి పది రోజులు ప్రతి చిన్న మాటకీ రమణ మీద అరిచాను. అయినా కాల్చలేదు. పుండు మానింది. ఐదు నెలలు అలా గడిచాయి.

నన్ను దెబ్బతీసింది మాత్రం ఆ ఐదు నెలల ఆదివారాలు. పొగ వద్దన్నారని సిట్టింగ్ మానేశాను. మొదట్లో బావ ఫోన్ చేసేవాడు. తర్వాత, పిలిస్తే నాకు ఇబ్బంది అనుకున్నాడో ఏమో, పిలవడం మానేశాడు. సోమవారం మార్కెట్లో వాళ్లు ముందురోజు మాటలు తలుచుకుని నవ్వుకుంటుంటే, ఆ నవ్వు దేనికో నాకు తెలిసేది కాదు. ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుంటే, వేలు తీసినప్పుడు కూడా రానంత ఏడుపు వచ్చేది. మగాడు ఇలాంటిది ఎవరితో చెప్పుకుంటాడు? చెప్పుకోలేదు.

ఒక ఆదివారం ఉండబట్టలేక వెళ్లాను. డాబా మెట్లు ఎక్కుతుంటే చప్పట్లు కొట్టారు. నన్ను చూసి అందరూ సిగరెట్లు ఆర్పేశారు. రెండు పెగ్గులు తాగాను. మూడోది పోస్తుండగా రాంబాబు మర్చిపోయి ఒకటి వెలిగించాడు. నా చెయ్యి దానంతట అదే ముందుకెళ్లింది.

"వద్దు బావా," అన్నాడు ఏడుకొండలు.

"ఐదు నెలలు మానినోడికి ఒక్కటి ఏం చేత్తది లేవయ్యా?" అన్నాడు రాంబాబు.

వాళ్లని తప్పు పట్టడం లేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. అడిగింది నేను. బావ ఇంకోసారి వద్దనలేదు, అంతే.

తర్వాతి ఆదివారం రెండు. ఆపైన మార్కెట్లో కూడా. రమణకి తెలియలేదు. చేపల వాసన ముందు సిగరెట్టు వాసన ఎవరికి తెలుస్తుంది? కాలు బాగానే ఉందనుకున్నాను. ఎనిమిది వారాలకు బొటనవేలు, పక్క వేలు ఒకేసారి నల్లబడ్డాయి.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. డాక్టరు గారు కట్టు విప్పి చూసి, "మళ్లీ కాలుస్తున్నారా?" అని అడిగింది.

"లేదు మేడమ్."

ఆవిడ రమణ వైపు చూసింది.

"లేదండీ మేడమ్. పెట్టె నా కళ్ల ముందే పారేశాడండీ. ఆయనకి నేను పూచీ," అంది రమణ.

నేను నేల చూపులు చూశాను. నా జీవితంలో అంత నీచమైన క్షణం ఇంకోటి లేదు.

డాక్టరు గారు నమ్మింది. అయితే జబ్బు ఇంకేదో అయి ఉండాలని బోలెడు రక్తపరీక్షలు రాసింది. రెండు రోజుల పాటు రమణ శాంపిళ్లు పట్టుకుని ల్యాబ్‌కీ, రిపోర్టుల కోసం కౌంటర్‌కీ మెట్లెక్కి దిగింది. నేను మంచం మీద పడుకుని చూస్తూ ఉన్నాను. మూడో రోజు డాక్టరు గారు వచ్చింది. "అన్నీ నార్మల్ వచ్చాయి. ఎందుకు పెరుగుతోందో నాకు అర్థం కావట్లేదు. ఇలాగే పోతే మోకాలి కింద నుంచి తియ్యాల్సి రావచ్చు," అంది.

రమణ మంచం కమ్మీ పట్టుకుంది. అప్పుడు చెప్పాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎనిమిది వారాలండీ."

డాక్టరు గారు తిట్టలేదు. ఫైలు మూసింది. "ఇంకా నయం, ఇప్పుడైనా చెప్పారు. ఈ రోజు నుంచి ఆపితే కాలు దక్కించుకునే ప్రయత్నం చేద్దాం. పాదం ముందు భాగం మాత్రం పోతుంది," అని వెళ్లిపోయింది.

రమణ లేచి నీళ్ల సీసా తీసుకుని బయటికి వెళ్లింది. నింపి తెచ్చి స్టూలు మీద పెట్టింది. ఆపరేషన్ అయింది. కట్లు మార్చారు. అన్నం తెచ్చేది, మందులు చేతిలో పెట్టేది, భుజం పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్లేది. మాట మాత్రం లేదు. తొమ్మిదో రోజు, క్యారియర్ గిన్నెలు సర్దుకుంటూ నా వైపు చూడకుండానే అంది.

"నీ కాలు పోయినందుక్కాదు. నువ్వు కాల్చావని కూడా కాదు. నేను పూచీ అంటుంటే ఊరుకున్నావు చూడు, అందుకు."

క్యారియర్ పట్టుకుని వెళ్లిపోయింది.

బావ వచ్చి, సగమైన నా పాదం వైపు చూడలేక కిటికీ దగ్గర నిలబడ్డాడు. "ఇంక సిట్టింగులు బంద్ చేసేత్తాను బావా," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వాళ్లు మానేస్తే నా కారణంగా మానేస్తారు, దాంతో నా మొహం చూడటం కూడా మానేస్తారు. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే ఏమైందో నాకు తెలుసు. డాక్టరు గారితో కూడా అదే చెప్పాను.

"స్నేహితుల్ని వదిలెయ్యమని చెప్పను. చెప్పినా మీరు వదలరు. కానీ మందు ముట్టుకోవద్దు, రెండో పెగ్గు తర్వాత మీ చెయ్యి మీ మాట వినదు. పొగ వచ్చే చోట కూర్చోవద్దు. మానేశారు కాబట్టి ఇక అడగను అని మాత్రం అనుకోకండి. అడుగుతారు."

ఆ చివరి మాట పట్టుకున్నాను. డిశ్చార్జి ముందు బావకి ఫోన్ చేశాను.

"బావా, నేను మళ్లీ అడుగుతాను. నవ్వుతా అడుగుతాను, కోప్పడి అడుగుతాను, బతిమాలతాను. అప్పుడు నా మాట వినకు. ఇప్పుడు చెప్పేదే నా మాట. అడిగినా ఇవ్వకు."

"సరే," అన్నాడు బావ.

మూడు నెలల తర్వాత చేతికర్రతో డాబా ఎక్కాను. గాలి వచ్చే వైపు నా కుర్చీ వేశారు. నాకు మజ్జిగ. సిగరెట్టు కావలసినవాళ్లు మెట్ల గదిలోకి వెళ్లి కాల్చి రావాలని బావ అందరికీ చెప్పాడు. రాంబాబుకి అది నచ్చలేదు. "ఈడొక్కడి కోసం మేమందరం మెట్ల మీద కూర్చోవాలా?" అన్నాడు. రెండు వారాలు వచ్చి, మానేశాడు. ఇప్పుడు మార్కెట్లో ఎదురుపడితే తలాడిస్తాడు, అంతే. పదిహేనేళ్ల స్నేహం. బాధగానే ఉంటుంది.

పోయిన ఎండాకాలం మా మావగారు, అంటే బావకీ రమణకీ నాన్న, గుండెపోటుతో పోయారు. దహనం అయ్యాక అందరూ కృష్ణలో స్నానాలు చేశారు. నేను కాలు తడపకూడదని పైమెట్టు మీద కూర్చున్నాను. బావ స్నానం చేసి తడిబట్టలతో వచ్చి నా పక్కన కూలబడ్డాడు. బంధువెవరో వెలిగించిన సిగరెట్టు ఒకటి అతని చేతిలో పెట్టి వెళ్లారు. పొగ నా మొహం మీదికి వచ్చింది. మావగారు నన్ను కొడుకులాగే చూశారు.

"ఒక్క దమ్ము ఇయ్యి బావా," అన్నాను.

అతను నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా నాన్నని తగలబెట్టి వచ్చిన రోజు కూడా నీకు కాపలా కాయాలా?"

"ఈ ఒక్క రోజే బావా. నీకు దణ్ణం పెడతా."

సిగరెట్టును మెట్టుకేసి నలిపేశాడు. నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లతో, "ఈడు అడిగితే ఎవరూ ఇవ్వకండి," అని అరిచాడు. నాకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ కోపంలో ఒక బూతు మాట కూడా అన్నాను. అయినా అతను చెయ్యి వదల్లేదు. తడిబట్టలు మార్చుకోవడానికి కూడా లేవలేదు. అందరూ లేచేవరకు అలాగే కూర్చున్నాం. ఆ తర్వాత కర్మకాండ అయ్యేదాకా నాతో సరిగా మాట్లాడలేదు. నన్ను కాపాడినందుకు అతనికి కలిగిన లాభం ఏమీ లేదు. తండ్రి కోసం ఏడవాల్సిన పూట నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

సిగరెట్టు ముట్టుకుని రెండేళ్లు దాటింది. ముందు భాగంలో స్పాంజి నింపిన బూటు వేసుకుని నడుస్తాను. ఐసులో నిలబడలేను కాబట్టి మార్కెట్లో కుర్చీలో కూర్చుని తూకాలు రాసుకుంటాను. చలికాలంలో కుడిచేతి చూపుడు వేలు తెల్లగా పాలిపోతుంది. అది ఎటు పోతుందో డాక్టరు గారు కూడా చెప్పలేదు. మూడు నెలలకోసారి చెకప్‌కి వెళ్తాం. కాలుస్తున్నానా అని డాక్టరు గారు రమణని అడిగితే, "ఆయన్నే అడగండి మేడమ్," అంటుంది. ఇంట్లో మామూలుగానే ఉంటుంది, నవ్వుతుంది. ఆ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం పక్కకి తప్పుకుంటుంది.

సిగరెట్టు మీద ఆశ పోయిందని అబద్ధం చెప్పను. అది పోలేదు.

కాల్చేవాళ్ల మధ్య, తాగేవాళ్ల మధ్య కూర్చోక తప్పని వాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ మనోబలాన్ని నమ్ముకుని వెళ్లకండి. ఇంట్లోంచి బయల్దేరే ముందు, నిమ్మళంగా ఉన్నప్పుడు, ఆ గుంపులో ఒక మనిషికి ఫోన్ చేసి, మీరు అడిగినా ఇవ్వొద్దని చెప్పండి. మీరు తిట్టినా పడేవాడై ఉండాలి, మీ కోపానికి జంకనివాడై ఉండాలి. అలాంటి మనిషి ఆ రోజు అక్కడికి రావడం లేదని తెలిస్తే, మీరూ వెళ్లకండి.