తాతయ్య ముడివేసిన దారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తమ్ముడు పుట్టాడు. వాడి గురించి చెప్పుకోవడానికి మాకు మిగిలింది చాలా తక్కువ. ఫోటో తీయించలేదు. చర్చిలో పేరు పెట్టించాం గానీ ఆ పేరుతో ఎవరమూ పిలవలేదు, చిన్నోడు అనే అన్నాం. ఆత్మకూరు నుంచి మర్రిపాడు పోయే దారిలో, రోడ్డుకు లోపలగా ఉండే మెట్ట పల్లె మాది. నాయన లారీ మీద పోతే వారాల తరబడి వచ్చేవాడు కాదు. ఇంటి మంచిచెడ్డలన్నీ తాతయ్యా, అవ్వా చూసుకునేవాళ్ళు. తాతయ్యకు మేకల మంద ఉండేది. చర్చి సంఘంలో పెద్ద ఆయన. నోట అబద్ధం రాదని పేరు. ఊళ్ళో గట్టు తగాదాలొస్తే రెండు వైపులవాళ్ళూ ఆయన్నే సాక్ష్యం అడిగేవాళ్ళు.

చిన్నోడు పుట్టిన కొత్తలో పచ్చగా ఉన్నా ఎవరికీ అనుమానం రాలేదు. అవ్వ రోజూ వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పసుపూ శనగపిండీ రుద్ది నీళ్ళు పోసేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు బంగారంలా ఉన్నాడని మెచ్చుకునేవాళ్ళు. ఒంటికి పసుపు రాయడం మానేసినా కళ్ళలో పసుపు పోలేదని మొదట గమనించింది అమ్మే. పొత్తిగుడ్డల మీద ఉచ్చ మరకలు ఎంత ఉతికినా వదిలేవి కావు. దొడ్డికి మాత్రం తెల్లగా, సుద్ద కలిపినట్టు పోయేవాడు. మా ఇళ్ళలో బిడ్డ అలా తెల్లగా పోతే పాలు అరగలేదని అనుకుంటారు. పాలు అరగలేదంటే తప్పు పాలది, అంటే తల్లిది.

కడుపుతో ఉన్నప్పుడు అమ్మ మనసంతా ఉదయగిరి కొండ సీతాఫలాల మీదే ఉండేది. గంపలెత్తుకుని వచ్చే ఆడవాళ్ళ దగ్గర కొనుక్కుని, గింజలు ఒళ్ళో ఊసుకుంటూ ఇష్టంగా తినేది. అవ్వకు అది గుర్తొచ్చింది. "అన్ని కొండకాయలు మింగితివి గదా, ఆ దోషమంతా పాలల్లోకి దిగుండాది" అంది. అమ్మ కూడా అదే నమ్మింది.

అవ్వ చెడ్డ మనిషి కాదు. ఆ మాట నేను చెప్పకపోతే ఇక చెప్పేవాళ్ళు లేరు. ఆ పిల్లాడి కోసం ఆమె చేయని పని లేదు. ఎండలో నడిచిపోయి పక్క ఊరి నుంచి ఆకు పసరు తెచ్చేది, వాడి నాలుకకు రాసేది, మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసేది. పాలు శుద్ధి కావాలని అమ్మను పథ్యంలో పెట్టింది. ఉప్పు, కారం, పులుపు, నూనె, ఏదీ తగలకూడదు. చప్పిడి అన్నంలో నీళ్ళ మజ్జిగ, అంతే. బిడ్డ కళ్ళు ముదురు పసుపుకు తిరిగేకొద్దీ అమ్మ కంచంలో ఆ చప్పిడి అన్నం కూడా తగ్గింది. అవ్వ తగ్గించలేదు, అమ్మే తగ్గించుకుంది. ఒకరోజు నీళ్ళ బిందెతో వస్తూ వాకిట్లో కూలబడిపోయింది. నిజం చెప్పాలంటే, నాకు తమ్ముడి కంటే అమ్మ ఏమైపోతుందోనన్న బెంగే ఎక్కువగా ఉండేది.

మూడో నెల దాటాక చిన్నోడి పొట్ట ఉబ్బి గట్టిపడింది. ఇక తాతయ్య ఎవరి మాటా వినలేదు. అమ్మనూ బిడ్డనూ వెంటబెట్టుకుని ఆత్మకూరులో నెల్లూరు బస్సెక్కాడు. నేను ఏడ్చి గోల చేస్తే నన్నూ ఎక్కించుకున్నాడు. సంగం దగ్గర కాలువల కింద పచ్చటి మళ్ళు కనిపించాయి. మా మెట్టలో పెరిగిన నాకు అవి ఎప్పుడూ పండగే, ఆరోజు మాత్రం అమ్మ వాటి వైపు చూడలేదు కాబట్టి నేనూ చూడలేదు.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది, గుడ్డ విప్పి చూసింది. చిన్నోడు ఏడుస్తుంటే పాలివ్వమని అమ్మను వరండాలోకి పంపింది. గదిలో తాతయ్యా, ఆయన పంచె పట్టుకుని నేనూ మిగిలాం. కాలేయంలో పైత్యరసం తయారవుతుందని, అది సన్నటి గొట్టంలోంచి పేగులోకి దిగాలని, వీడికి ఆ గొట్టం పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడలేదని ఆమె నిదానంగా చెప్పింది. దిగే దారి లేక రసం కాలేయంలోనే నిలిచిపోయి దాన్ని పాడుచేస్తోంది. అక్కడి నుంచి రక్తంలోకి ఎక్కి కళ్ళను పచ్చబరుస్తోంది. పేగులోకి చుక్క కూడా రాదు కాబట్టి దొడ్డికి రంగు లేదు.

తాతయ్య రెండే అడిగాడు. మొదటిది, పాలల్లో ఏమైనా దోషముందా అని. "పాలకూ దీనికీ సంబంధమే లేదు పెద్దాయనా, తల్లికి కడుపునిండా పెట్టండి" అంది. రెండోది, వైద్యం ఉందా అని. పెద్ద పట్నాల్లో ఎక్కడో ఆపరేషన్ చేస్తున్నారనీ, రెండు నెలలు నిండకముందే తీసుకొచ్చి ఉంటే ఎంతో కొంత ఆశ ఉండేదనీ, ఇప్పుడు కాలేయం బండబారిపోయిందనీ చెప్పింది. తాతయ్య కండువా తీసి దులిపి మళ్ళీ అదే భుజాన వేసుకున్నాడు. బయటికొచ్చి అమ్మతో "పాల దోషం కాదంటమ్మా" అని మాత్రం అన్నాడు.

ఇంటికొచ్చాక, బిడ్డ ఇక బాగుపడడని కూడా చెప్పాడు. పాల దోషం కాదన్న మాట మాత్రం ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. "పాల సంగతి డాక్టర్లకేం తెలుసు" అంది అవ్వ. అమ్మ కూడా ఉప్పు ముట్టనంది. బిడ్డ బాగుపడడని తెలిశాక కూడా ఆమె తన్ను తాను శిక్షించుకోవడం మానలేదు. తాతయ్య నయాన చెప్పాడు, గద్దించి చెప్పాడు. ఫలితం లేకపోయింది.

ఆ శనివారం ఆయన మేకను కోశాడు. మామూలుగా కోసినప్పుడు చేదుతిత్తి పగలకుండా ముందే కోసి పారేస్తారు, అది పగిలిందంటే కూరంతా చేదే. ఆరోజు ఆయన తిత్తినీ, దాని కింది సన్నటి గొట్టాన్నీ, అది కలిసే పేగుముక్కనూ కార్జం నుంచి విడదీయకుండా అరిటాకులో పెట్టి తెచ్చాడు. అవ్వనూ అమ్మనూ పెరట్లోకి పిలిచి కూర్చోమన్నాడు.

తిత్తిని వేళ్ళతో మెల్లిగా నొక్కాడు. పేగు కొసలోంచి ఆకుపచ్చటి రసం కారింది. "చూస్తిరా, మనం తినింది అరగాలన్నా, దొడ్డికి రంగు రావాలన్నా ఇదే" అన్నాడు. తర్వాత అవ్వ దగ్గర గోనెలు కుట్టే నూలుదారం అడిగి తీసుకుని ఆ గొట్టానికి బిగించి ముడివేశాడు. మళ్ళీ నొక్కాడు. పేగులోంచి ఏమీ రాలేదు. తిత్తి మాత్రం ఉబ్బి వేళ్ళ మధ్య జారింది.

"మన చిన్నోడికి ఈ దారం కడుపులో ఉండంగానే పడిండాది. ఇప్పుడు చెప్పు, ఈ ముడి నీ కోడలు తినిన కాయలు వేసినాయా, ఇచ్చిన పాలు వేసినాయా?"

అవ్వ వేలు పెట్టి తనూ ఒకసారి నొక్కి చూసింది. అమ్మ మాత్రం చూడలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బిడ్డకు జబ్బు చేశాక ఆమె ఏడవడం అదే మొదటిసారి. తప్పు తనది అనుకున్నన్నాళ్ళూ ఏడ్చే హక్కు కూడా తనకు లేదనుకున్నట్టుంది.

ఆ మధ్యాహ్నం అవ్వ అదే కార్జాన్ని ఉప్పూ కారం దండిగా వేసి వండింది. అమ్మ కంచంలో ముద్దలు కలిపి తనే నోటికి అందించింది. "తినమ్మా, నాకు తెలవక చేసినా" అంది. అమ్మ ఏడుస్తూనే తింది. ఆ కూర వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంట్లో అంత దుఃఖం ఉన్నా, అమ్మ తింటోందని నాకు సంతోషమేసింది.

గిన్నెలు కడిగాక అవ్వ చేతులు తుడుచుకుంటూ తాతయ్య దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా, నేను పసరనీ పథ్యమనీ ఆపకుండా ముందే తీసకపోయింటే బతికేటోడా?"

తాతయ్య ముందు నా వైపు చూశాడు. ఆ గదిలో విన్నది మేమిద్దరమే. తర్వాత అవ్వ ముఖంలోకి సూటిగా చూసి, "ఎప్పుడు పోయినా ఇంతేనంట. డాక్టరమ్మే చెప్పింది" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. ఆయన వద్దని సైగ కూడా చేయలేదు. ఆయన నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు సాక్ష్యానికి పిలిస్తే ఆయన వెళ్ళడం మానేశాడు. ఒంట్లో బాగాలేదనుకున్నారు. ఎందుకో నాకు మాత్రమే తెలుసు, నేనెప్పుడూ అడగలేదు.

చిన్నోడు మొదటి పుట్టినరోజు దాటిన కొద్ది వారాలకు పోయాడు. ఆఖరి రోజుల్లో ఒళ్ళంతా దురదతో నిద్రపోయేవాడు కాదు, అమ్మా అవ్వా వంతులవారీగా ఎత్తుకుని తిరిగేవాళ్ళు. పోయిన తర్వాత కూడా వాళ్ళిద్దరి మధ్య ఒక్క నిష్ఠూరపు మాట లేదు. అవ్వ మంచాన పడితే అమ్మే కూతురిలా చేసింది.

నేను పెద్దయ్యాక అంగన్‌వాడీలో చేరి, అందులోనే రిటైరయ్యాను. పుట్టిన రెండు వారాల తర్వాత కూడా పచ్చగా ఉన్న బిడ్డ ఎక్కడ కనబడినా గుడ్డ విప్పి దొడ్డి రంగు చూపించమనేదాన్ని. తెల్లగా ఉంటే ఆ పూటే బస్సెక్కించేదాన్ని. వినకపోతే తిట్టి మరీ ఎక్కించేదాన్ని. వేళకు అందిన బిడ్డలున్నారు, అందని బిడ్డా ఉంది. ఆ బిడ్డను మట్టి చేసి వచ్చిన సాయంత్రం వాళ్ళ నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, తను వద్దని ఆపకపోయి ఉంటే బతికేదా టీచరమ్మా అని అడిగింది. ముందే తీసుకెళ్ళమని ఆమె ఇంటి గడప తొక్కి పోట్లాడినదాన్ని నేనే. ఆమె కళ్ళలోకి సూటిగా చూసి, "ఎప్పుడు పోయినా ఇంతేనమ్మా" అన్నాను.