రెండో రిమోట్

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో, సూర్యాపేటలో మా కిరాయి ఇంటి ముందుగదిలో, గచ్చు మీద కాళ్లు చాపుకుని నేనూ మా శీనన్నా టీవీ గేమ్ ఆడేవాళ్లం. మొదటి రిమోట్ అన్నది. రెండోది నాది.

తెర మీద ఒక పొట్టి మనిషి గుంతలు దాటుతూ, ముళ్ల పురుగుల్ని తప్పించుకుంటూ పోతుంటాడు. వాణ్ని నడిపేది అన్న. "మరి నేనో?" అని అడిగితే, "నువ్వు మబ్బుల్ని నడుపుతున్నవ్. మంచిగ ఒత్తు, లేకుంటే ఆగిపోతయ్" అన్నాడు.

నమ్మాను. బొటనవేళ్లు ఎర్రబడేదాకా ఒత్తాను. ఒకరోజు దాహమేసి, రిమోట్ కింద పెట్టి నీళ్లు తాగి వచ్చేసరికి మబ్బులు వాటి మానాన అవి పోతూనే ఉన్నాయి... నా ముఖం చూసి అన్న పడీపడీ నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నాకప్పుడు పదేళ్లు, వాడికి పన్నెండు.

ఆ తర్వాత నేను రెండో రిమోట్ పట్టుకోలేదు. గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. చూసేవాళ్లకు ఆడేవాళ్ల కన్నా ఎక్కువ కనిపిస్తుంది. కనిపించినదంతా లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకున్నాను...

గుంత అంచున నిలబడి దూకితే పడతావు, నాలుగడుగులు వెనక్కి వచ్చి పరుగెత్తి దూకు. ముళ్ల పురుగు మీద దూకొద్దు, అది అటు తిరిగేదాకా ఆగు. పొట్టోడి కాళ్లు చూడకు, వాడి ముందున్న దారి చూడు. మూడో కోటలో పొయ్యి పక్కన ఇటుకను తలతో గుద్దితే మెట్టు బయటికొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, నాణేల ఆశకు పోతే ప్రాణం పోతది.

అన్న ఆడేవాడు, నేను చెప్పేదాన్ని. "జల్ది చెప్పవే, దూకాల్నా వద్దా!" అని అరిచేవాడు. గెలిస్తే వాడి తెలివి. చస్తే నేను ఆలస్యంగా చెప్పడం.

నాకున్న ఆశ ఒక్కటే. చివరి కోటలో ఒక ఎర్ర తలుపు ఉంటుందని ఆట డబ్బా మీది బొమ్మలో చూశాను. దాని వెనక ఏముందో చూడాలి. అన్న అక్కడిదాకా ఎప్పుడూ పోలేదు.

ఆ ఆటలో ఇంకో తిరకాసు ఉంది. కరెంటు పోతే ఆట మళ్లీ మొదటికే. అందుకే మా ఇంట్లో అన్నం తినేటప్పుడు ఆటను ఆర్పేవాళ్లం కాదు, పాజ్‌లో పెట్టేవాళ్లం. అడాప్టర్ వేడెక్కి కాలిపోతుందని దాన్ని మంచినీళ్ల కుండ పక్కన చల్లటి గచ్చు మీద పెట్టించేది అమ్మ. అయినా రోజుకు రెండుసార్లు కరెంటు పోయేది, అంతా బూడిదలో పోసిన పన్నీరే.

సెలవుల చివర్లో అన్న కోదాడలో మామ దగ్గరికి వెళ్లి మూడు రోజులు ఉన్నాడు. ఆ టీవీ గేమ్ కొనిచ్చింది ఆ మామే. మూడు రోజులూ మొదటి రిమోట్ నాదే! మూడోరోజు పొద్దున కరెంటు వచ్చినప్పుడు మొదలుపెట్టాను. ఒక్క నాణెం కోసం కూడా పక్కకు పోలేదు. నా రాతలే నాకు దారి చూపించాయి... మధ్యాహ్నానికి ఎర్ర తలుపు కనిపించింది. ఇంకో రెండు గుంతలు, అంతే.

అప్పుడే వాకిట్లో మామ గొంతు. అన్నను దింపడానికి వచ్చాడు.

"ఏ స్వప్నా! మామకు నీళ్లియ్యి, చాయ పెట్టు" అని పెరట్లోంచి అమ్మ కేక. పాజ్ నొక్కాను. అడాప్టర్‌ను కుండ పక్కకు జరిపాను. వంటింట్లోకి వెళ్లాను.

చాయ పొంగుతుండగా ముందుగదిలోంచి ఎప్పుడూ వినని సంగీతం వినిపించింది. పరుగెత్తుకొచ్చేసరికి మొదటి రిమోట్ అన్న చేతిలో ఉంది, తెర మీద మళ్లీ మొదటి పేజీ ఉంది.

"శభాష్ రా శీనూ!" అని మామ అన్న వీపు చరుస్తున్నాడు.

"అది నేను ఆడిన ఆట మామా!" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"పోయేముందు నేనే గక్కడిదాక ఆడి పాజ్‌ల పెట్టి పోయిన" అన్నాడు అన్న, నా వైపు చూడకుండా.

మూడు రోజులు పాజ్‌లోనా? ఆ మూడు రోజుల్లో ఎన్నిసార్లు కరెంటు పోయిందో విసనకర్రతో విసురుకున్న అమ్మకు తెలియదా? పెరట్లోంచి వచ్చి నిలబడ్డ అమ్మ వైపు చూశాను.

"ఎవరు గెలిస్తే ఏందే... మన ఇంట్లనే గెలిచిన్రు గదా. చాయ సల్లారుతది, ముందు మామకు ఇయ్యి."

ఇచ్చాను. తలుపు వెనక ఏముందని అన్నను ఏనాడూ అడగలేదు. వాడు చెప్పనూ లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఇంటోళ్ల గ్రూపులో అన్న ఒక వీడియో పెట్టాడు. 'పాత టీవీ గేమ్ గెలవడానికి నా చిట్కాలు' అట. నాలుగడుగులు వెనక్కి రావడం, మూడో కోట ఇటుక, అన్నీ ఉన్నాయి. "నాణేల ఆశకు పోతే ప్రాణం పోతది" అన్నది కూడా, అక్షరం పొల్లుపోకుండా! చివర్లో నవ్వుతూ, "మా చెల్లె పాపం మబ్బులు నడిపేది" అన్నాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నేను కూడా బొటనవేలు పెట్టాను.

ఆదివారం ఆ ఆటను ఫోన్‌లోకి ఎక్కించుకుని ఆడాను. ఒక్కపూటలో ఎర్ర తలుపు తెరిచాను. వెనక ఒక చిన్న తోట, ఒక ఊయల... పొట్టోడు ఎక్కి కూర్చుని ఊగాడు. అంతే. బాగానే ఉంది. కానీ చప్పట్లు కొట్టి ఎగరాల్సిన పదేళ్ల పిల్ల ఎక్కడుంది?

ఇప్పుడు పిల్లలకు ఎవరి ఫోను వాళ్లదే. కరెంటు పోయినా ఆట ఎక్కడికీ పోదు, రెండో రిమోట్ అనేదే లేదు. పాత రోజులే బాగుండేవని అందరూ అంటుంటే నేను మాత్రం ఊ కొట్టలేను.

మీ ఇంట్లో రెండో రిమోట్ ఎవరి చేతిలో ఉండేది? ఒకసారి వాళ్లను అడిగి, వాళ్లు ఏమన్నారో కింద రాయండి... మొదటి రిమోట్ పట్టుకున్నవాళ్ల కథలు ఇప్పటికే చాలా విన్నాం.