సుంకన్న చేలో బెండ సాలు

2022 ఖరీఫ్. కోడుమూరులో నేను పురుగుమందుల అంగడి పెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఒక పొద్దున జనం నిండుగా ఉండగా పత్తి రైతు సుంకన్న నేనమ్మిన మందు ఖాళీ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఏమప్పా, ఇది మందా, నీళ్ళా? కొట్టిన నాలుగు దినాలకే దోమ మళ్ళీ వస్తాండాది. ఈసారీ తగ్గకపోతే చేను దున్నేస్తా.”

కౌలు చేను. పత్తి పోతే ఆ ఏడాదికి సుంకన్న ఇంటికి ఇంకేమీ లేదు. నాకూ ఒళ్ళు మండింది, నకిలీ సరుకు అమ్మే మనిషిని కాను. “ముందు చేను చూపించు” అని బండి తీశాను.

పత్తి ఆకుల అంచులు ఎర్రబడి ముడుచుకున్నాయి. పచ్చదోమ రసం పీలిస్తే ఇలా మాడతాయి, ‘హాపర్ బర్న్’ అంటాం. చేను నడుమ పర్వాలేదు, గట్టు వారనే దెబ్బంతా. ఆ గట్టు పొడుగునా బెండచెట్లు. పత్తి చేలో కూరకని ఒక సాలు బెండ పెట్టుకోవడం మా వైపు మామూలే. ఒక ఆకు తిరగేస్తే దోమపిల్లలు బిలబిలమని పక్కకు పరిగెత్తాయి.

“వీటికి మందు కొట్టలేదా?”

కలుపు తీస్తున్న సుంకన్న భార్య నాగమ్మ లేచింది. “తినే కాయకు మందు కొడ్తారా యాడైనా? పిల్లోళ్ళు తింటాండారు.”

ఆమె మాట ముమ్మాటికీ నిజం. దోమకూ అదే కలిసొచ్చింది. పురుగును సాకే మొక్కను ‘హోస్ట్ ప్లాంట్’ అంటాం. పత్తాకు మీది నూగు దోమ గుడ్లు పెట్టడానికి అడ్డం. బెండాకు మీద దానికి అత్తారింటి మర్యాదే. వీళ్ళు చేలో చంపుతుంటే అది గట్టు మీద పిల్లల్ని కంటోంది.

“ఈ సాలు తీసేయాలక్కా. ఊరికే పీకితే దోమంతా పత్తి మీద పడుతుంది. ముందు మందు కొట్టి, తర్వాత పీకి పూడ్చాల.”

“మరి కూరకేం జేయాల?”

“ఇంటికాడ పెట్టుకో. ఈడ మాత్రం వద్దు.”

ఆమె చెట్లకు ఉన్న కాయలన్నీ కోసి ఒడిలో వేసుకుంది. “కొట్టుకోండి” అని మొహం తిప్పుకుంది. నాకు మనసు చివుక్కుమంది, అయినా మాట మార్చలేదు.

బెండకు మందు కొట్టి పీకించి, పత్తికీ ఇంకొక్కసారి కొట్టించాను. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. సుంకన్న చేను దున్నలేదు. పత్తి తీసే రోజుల్లో అంగడికొచ్చి, అందరూ వింటుండగానే “మందు మంచిదేలేప్పా” అన్నాడు.

ఇప్పుడు ఎవరొచ్చినా డబ్బా తీసేముందు చేను చుట్టూ ఏమేం మొక్కలున్నాయో అడుగుతాను. “మందడిగితే చెట్లడుగుతాడేమి ఈయప్ప” అని పక్కంగడికి పోయేవాళ్ళున్నారు. పోనీ. పురుగు ఎంత చంపినా తగ్గట్లేదంటే, ముందు దాన్ని సాకుతున్నదెవరో చూడాలి.