పన్నెండూ ఉన్నాయన్నాను

ముప్పై ఏళ్ళు ఒక పుస్తకాన్ని దాచుకుని బతికాను. బెంగళూరులో ఎన్ని అద్దె ఇళ్ళు మారినా అది చీరల అడుగునే ఉండిపోయింది. ఈమధ్య దాకా ఆ బరువు ఎవరితోనూ చెప్పుకోలేదు. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

దొడ్డబళ్ళాపురంలో మా బడికి ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో పిల్లల విజ్ఞాన సర్వస్వం, పన్నెండు సంపుటాలు, కన్నడంలో. ఇంటికి ఇచ్చేవాళ్ళు కాదు. బడి వదిలాక ఒక గంట అక్కడే కూర్చుని చదువుకోవాలి. తాళంచెవి నా స్నేహితురాలు వేణి దగ్గర ఉండేది. వాళ్ళది మగ్గాల ఇల్లు. మా అందరికంటే ఎక్కువ చదివేది. రోజూ సంపుటాలు తనే లెక్కబెట్టి, తాళం వేసి, నోటుపుస్తకంలో సంతకం పెట్టాలి. అది మా మేష్ట్రు పెట్టిన నియమం.

మూడో సంపుటంలో సముద్రం ఉండేది. నేను అప్పటికి సముద్రం చూడలేదు. తిమింగలం గురించి సగం చదివేసరికి గంట కొట్టేశారు. ఒక్కరోజే కదా, పొద్దున్నే పెట్టేస్తాను కదా అనుకుని సంచిలో వేసుకున్నాను. ఎంత తేలిగ్గా వేసుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

వేణి నోటుపుస్తకం తెరుస్తూ అడిగింది. "పన్నెండూ ఉండాయా?"

"ఉండాయి. బీగం ఏసేయ్."

నా మాట మీద సంతకం పెట్టింది.

మర్నాడు నాకంటే ముందే మేష్ట్రు బీరువా తెరిచారు. పదకొండే ఉన్నాయి. ఎవరు లెక్కబెట్టారని అడిగితే వేణి "నేనే" అంది. నావైపు చూడను కూడా చూడలేదు. చేతుల మీద దెబ్బలు పడ్డాయి. తాళంచెవి ఆమె దగ్గర్నుంచి తీసేసుకున్నారు. ఆ బీరువా మళ్ళీ ఎవరికీ తెరవలేదు. అప్పుడైనా సంచి విప్పొచ్చు కదా? ఎందుకు విప్పలేదు? భయం వల్ల అనుకుంటే కాస్త ఊరటగా ఉంటుంది గానీ, నిజం అది కాదు, రాత్రి ఇంట్లో దీపం ఆర్పేశారు, తిమింగలం ఇంకా పూర్తికాలేదు, నాకు ఆ పుస్తకం కావాలి, అంతే.

ఆ సంపుటం మొత్తం నాకు నోటికి వచ్చేసింది. ప్రతి వ్యాసం చివరా ఒక సూచన ఉండేది: ముత్యాల గురించి ఏడో సంపుటం చూడండి, ఓడల గురించి పదో సంపుటం చూడండి అని. ఎక్కడ చూడను? నా పుణ్యమా అని అవన్నీ తాళంలో ఉన్నాయి. ఆ ముత్యాల కోసం, ఆ ఓడల కోసం ఊళ్ళో దొరికిన ప్రతి పుస్తకం తిరగేశాను. అలా పట్టుకున్న చదువు పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. వేణి మాత్రం ఆ తర్వాత పాఠాల పుస్తకాలు తప్ప ఇంకే పుస్తకమూ ముట్టలేదు.

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల లైబ్రరీ తెరిచారు. నాకు చదివే అలవాటు ఎలా వచ్చిందో చెప్పమన్నారు. చిన్నప్పటి విజ్ఞాన సర్వస్వం వల్ల అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

వేణి ఇప్పుడు బెంగళూరులోనే, మడివాళలో, ఆడపిల్లల పీజీ హాస్టల్ నడుపుతోంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు కలుస్తూనే ఉంటాం. ఆ చప్పట్ల తర్వాత వచ్చిన ఆదివారం నేను వెళ్ళేసరికి అనపకాయలు ఒలుస్తోంది. పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. ఆ రోజు ఇది నా సంచిలోనే ఉందని చెప్పాను.

ఆమె చేతులు తుడుచుకుంది. పుస్తకం మాత్రం ముట్టుకోలేదు.

"నువ్వు లెక్క తప్పినావనుకుంటినే ఇన్నాళ్ళూ," అంది. "పాపం, నీ పేరు చెప్తే నీకూ దెబ్బలు పడతాయని గమ్మునుంటిని."

"లెక్క తప్పలేదు వేణీ. తెలిసే చెప్పాను."

పోనీలే అనలేదు. అనమని నేనూ అడగలేదు. పుస్తకం లోపల పెట్టి వచ్చి మళ్ళీ కాయలు ముందేసుకుంది. నన్ను ఉండమననూ లేదు, పొమ్మననూ లేదు. కాసేపు కూర్చుని లేచి వచ్చేశాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఎన్నేళ్ళకో గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను. వేణి నన్ను మళ్ళీ రమ్మంటుందో లేదో తెలియదు. నాకు పన్నెండు వరకు లెక్కబెట్టడం బాగానే వచ్చని మాత్రం ఆమెకు ఇప్పుడు తెలుసు.