అత్తగారు టికెట్ కొన్న రోజు

సిటీ బస్సులో ఆమెను అందరూ రైటక్క అనేవారు. వెనక మెట్టు మీద నిలబడి "రైట్ రైట్" అని అరిస్తే డ్రైవరుకే కాదు, పక్క వీధిలో బేరమాడుతున్నవాళ్లకూ వినిపించేది. చాలా ఏళ్లుగా కండక్టరు. చిల్లర లేదన్నవాళ్లను గదమాయించేది, ముసలివాళ్లకు సీటిప్పించేది, తాగి ఎక్కినవాణ్ణి కాలరు పట్టుకుని దింపేసేది. ఒక్క విషయంలోనే ఆమె గొంతు పనికిరాలేదు. బస్సు తిరిగే చివరి స్టాపులో మగవాళ్లకు ఓ గోడ ఉంది, ఆడవాళ్లకు అదీ లేదు. అందుకని పొద్దున్నే నీళ్లు మానేసి, డిపో చేరేదాకా ఉగ్గబట్టుకునేది. మంట, చురుకు ఆమెకు కొత్త కాదు.

ఒక సాయంత్రం డిపో బాత్‌రూములో మూత్రం ఎర్రగా పడింది. నొప్పి లేదు, మంట కూడా లేదు. వేడి చేసి ఉంటుందనుకుని చెంబెడు నీళ్లు తాగింది. మర్నాటికి మామూలైపోయింది. కొన్ని వారాలకు మళ్లీ కనిపిస్తే ఇంటి దగ్గర క్లినిక్‌కు వెళ్లింది. అక్కడి డాక్టరు ఇన్‌ఫెక్షన్ అన్నాడు. పరీక్షలో క్రిములేవీ కనిపించలేదు, అయినా మాత్రలు రాశాడు. ఆ వారంలోనే రక్తం ఆగింది. మాత్రలు పనిచేశాయని ఆమె నమ్మింది.

మూడోసారి ఇంట్లోనే పడింది. ఆ తర్వాత బాత్‌రూముకు వెళ్లిన అత్తగారి కంట్లో పడింది.

అత్తాకోడళ్ల మధ్య గొడవల్లేవు, అలాగని పెద్ద చనువూ లేదు. రెండు గదుల ఇల్లు. రైటక్క భర్త వెల్డింగ్ షాపు నుంచి ఏ రాత్రికో వస్తాడు. ఉన్న ఇద్దరాడవాళ్లూ అవసరం మేరకే మాట్లాడుకునేవారు. ఆ రోజు మాత్రం ఆవిడ వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎన్నాళ్ల నుంచే ఇది?"

"నెలసరి అత్తయ్యా."

"నీ నెలసరి ఆగి రెండేళ్లయింది. నాకు తెలీదనుకున్నావా?"

ఆమె తలొంచుకుంది. "మాత్రలు వేసుకుంటే తగ్గిపోయిందిలెండి. మళ్లీ అవే వేసుకుంటా."

"మీ మావయ్యకీ ఇలాగే ఒకసారి కనిపించి ఆగిపోయిందట. నొప్పి లేదు కదా అని నాకూ చెప్పలేదు. పక్కలో పోటు మొదలయ్యాక వెళ్తే కిడ్నీలో గడ్డన్నారు. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకింది. పెద్దాసుపత్రికి పద."

"సెలవు దొరకదు అత్తయ్యా. వచ్చేవారం చూద్దాం."

వచ్చేవారం రెండుసార్లు వచ్చి వెళ్లిపోయింది.

ఒక రోజు మధ్యాహ్నం బస్సు కిక్కిరిసి ఉండగా మార్కెట్ స్టాపులో అత్తగారు ఎక్కింది. డ్రైవరు వెనక సీటులో కూర్చుని, డబ్బులు అందించి, "చివరి స్టాపుకి ఒకటి" అంది. చివరి స్టాపు వచ్చింది. అందరూ దిగారు, కొత్తవాళ్లు ఎక్కుతున్నారు, ఆవిడ మాత్రం దిగలేదు.

"ఇంకోటి కొట్టు. వెనక్కి."

"ఏంటత్తయ్యా ఇది? నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. నువ్వు ఆసుపత్రికొచ్చేదాకా నేనిలా తిరుగుతూనే ఉంటా. రేపూ వస్తా, ఎల్లుండీ వస్తా. బస్సెక్కొద్దనే హక్కు నీకు లేదుగా."

ఎవరో కిసుక్కున నవ్వారు. డ్రైవరు మాత్రం నవ్వలేదు. ఇంజన్ ఆపి వెనక్కి తిరిగాడు. "సంగతేంటో నాకు తెలీదు చెల్లెమ్మా. పెద్దావిడ ఊరికే ఇంత ఎండలో రాదు. రేపటికి సెలవడుగు, డిపో కంట్రోలరుతో నేను మాట్లాడతా."

మర్నాడు స్కానింగులో మూత్రాశయం గోడకు అతుక్కుని చిన్న గడ్డ కనిపించింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ మూత్రనాళం గుండా సన్నటి గొట్టం పంపి, కోత లేకుండానే దాన్ని తీసేసింది. పరీక్షలో అది క్యాన్సరని తేలింది. రకం చెడ్డదే గానీ ఇంకా మూత్రాశయం కండరంలోకి దిగలేదు.

"ఉగ్గబట్టుకోవడం వల్లే వచ్చిందా మేడమ్?" అని అడిగింది రైటక్క.

"అలా అని చెప్పలేను. కానీ ప్రతిదాన్నీ దాని మీదికి నెట్టేశారు కాబట్టే ఇన్నాళ్లు అనుమానం రాలేదు. నొప్పి లేకుండా రక్తం పడితే, ఒక్కసారైనా సరే, చూపించుకోవాలమ్మా. దానంతటదే ఆగిపోయినా సరే."

తర్వాత గడ్డ మళ్లీ రాకుండా వారం వారం మూత్రాశయంలోకి మందు ఎక్కించారు. ఎక్కించాక రెండు గంటలు ఆపుకోవాలి. లోపల నిప్పులు పోసినట్టుండేది. "బతుకంతా ఆపుకున్నదాన్ని, ఈ రెండు గంటలు నావల్ల కావట్లేదత్తయ్యా" అని మొదటిసారి ఆవిడ ముందు ఏడ్చింది. అత్తగారు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. పక్కన కూర్చుని, తమ వీధిలోవాళ్లందరి గుట్లూ ఒక్కొక్కటిగా విప్పుతూ పోయింది. వింటూ వింటూ ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వితే మందు నిలవదని నర్సు ఇద్దర్నీ కసిరింది.

మూడు నెలలకోసారి గొట్టం పంపి లోపల చూడాలన్నారు. ఆ తేదీ దగ్గరపడితే భర్త షాపు మూసి ఇంట్లోనే ఉండేవాడు, ఏం చెయ్యాలో తెలియక బాగున్న ఇనప తలుపులకే వెల్డింగ్ పెట్టేవాడు. రెండో ఏడాది ఒక పరీక్షలో చిన్న బొడిపె మళ్లీ కనిపించింది. తీసేశారు, మందు మళ్లీ మొదలుపెట్టారు.

మళ్లీ డ్యూటీలో చేరాక తోటి ఆడ కండక్టర్లను కూడగట్టి మేనేజరు గదికి వెళ్లింది. చివరి స్టాపులో ఆడవాళ్లకు బాత్‌రూము కావాలంది. రేకుల గది ఒకటి కట్టారు, నీళ్లు మాత్రం ఒక్కోరోజు రావు. డిపోలో ఎవరు "వేడి చేసింది" అన్నా పక్కకు పిలిచి, "ఎర్రగా పడిందా?" అని మొహమాటం లేకుండా అడుగుతుంది. కొందరు సిగ్గుపడి తప్పించుకుంటారు. ఒకామె నిరుడు వెళ్లి చూపించుకుంది. ఆమెవి కిడ్నీలో రాళ్లేనని తేలింది.

ఈ మధ్య జరిగిన పరీక్షలో లోపల శుభ్రంగా ఉందని, ఇక ఆరు నెలలకు వస్తే చాలని డాక్టరమ్మ చెప్పింది. రైటక్కకు సంతోషం కలగలేదు, ఆ మధ్యలో మళ్లీ మొలిస్తే ఎలా అని భయపడింది.

"మూడే ఉంచండి మేడమ్."

"అవసరం లేదమ్మా. మధ్యలో ఏమైనా కనిపిస్తే వెంటనే రండి."

బయటికొచ్చి చెబితే అత్తగారు నమ్మలేదు. మోకాళ్లు పట్టుకుంటూ లేచి తనే లోపలికి వెళ్లింది. "మా కోడలు సరిగ్గా విన్లేదేమో, మళ్లీ చెప్పండి." డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. అత్తగారు బయటికొచ్చి కోడలి పక్కన బల్ల మీద కూర్చుంది. నర్సు తర్వాతి పేరు పిలిచింది, ఇంకెవరో లోపలికి వెళ్లారు. ఆరు నెలలదాకా రానక్కర్లేదన్నది ఇంకా నమ్మకం కుదరక అత్తాకోడళ్లిద్దరూ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయారు.