ఇంటికొక్క టిక్కెట్టు

వీధి చివర సెలూన్ నడిపే ఆయనకు మ్యాచ్ మర్నాడు గొంతు పెగలదు. గడ్డమా, జుట్టా అని సైగలతోనే అడుగుతాడు. ఊరి ఫుట్‌బాల్ జట్టు ఎన్నిసార్లు ఓడినా, వాన దంచికొట్టినా, ఆలుమగలిద్దరూ పక్కపక్కనే కూర్చుని అరిచేవారు. ఆ జట్టు తొలిసారి ఫైనల్‌కి చేరితే టిక్కెట్లు చాలావరకు పెద్దల చుట్టాలకే పోయాయి. పాత అభిమానులకు ఇంటికొక్కటే దక్కింది.

"నాకు పనుంది, నువ్వెళ్ళవే" అని అబద్ధమాడి భార్యను పంపాడు. తీరా మనసాగక, సెలూన్ మూసేసి స్టేడియం గేటు బయట నిలబడ్డాడు. సగం ఆటకే ఆమె బయటికొచ్చేసింది.

"అదేంటే! మళ్ళీ లోపలికి రానివ్వరుగా?"

"చుట్టూ సెల్ఫీలు దిగేవాళ్ళేనయ్యా. గోల్ పడితే ఎవరి చెయ్యి పట్టుకోను?" అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

అంతలో లోపల హోరెత్తింది. ఆయన గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గోల్ కొట్టింది మనవాళ్ళో అవతలివాళ్ళో చెప్పేందుకు అక్కడెవరూ లేరు.